ఆమె బొంత కుట్టింది... ఊరు బతికింది!

తొమ్మిది గుడ్డముక్కలు. ఒక్కొక్కటి ఐదంగుళాల చదరం. వాటిని మూడేసి చొప్పున మూడు వరసలుగా కలిపి కుట్టిందామె. ఇస్త్రీ చేసి బల్లమీద పరిచింది. అంచులన్నీ చక్కగా కుదిరాయి. అంతటితో ఆపేయొచ్చు. కానీ ఆమె చక్రంలా తిరిగే చిన్న కత్తి అందుకుంది. నట్టనడుమ నిలువునా ఒక కోత, అడ్డంగా మరో కోత. అంత ఓపిగ్గా కలిపిన చదరం కాస్తా నాలుగు తుండ్లయింది. చూసేవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. ఆమె మాత్రం నవ్వుతూ, ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు తుండ్లను పట్టుకుని చెరో తిప్పు తిప్పి పెట్టింది. అంతే, బల్లమీద బొమ్మ మారిపోయింది. పెద్ద గడి, దాని పక్కన చిన్న గడి, వాటి మధ్య సన్నటి పట్టీలు... ఏళ్ల తరబడి చేయి తిరిగినవాళ్లు తప్ప కుట్టలేరనిపించే అల్లిక. నిజానికి అందులో ఉన్నవన్నీ తిన్నగా వేసిన కుట్లే. మిషను మీద కూర్చోవడం వచ్చిన ఎవరైనా వేయగలిగినవే.

క్విల్టులు, అంటే బొంతల్లాంటి దుప్పట్లు కుట్టేవాళ్లు దీన్ని ‘మాయమయ్యే తొమ్మిది గళ్లు’ అంటారు. ఇలాంటి కిటుకులను యూట్యూబ్‌లో చూపించి లోకమంతా అభిమానుల్ని సంపాదించుకున్న ఆ అమ్మ పేరు జెన్నీ డోన్. ఏడుగురు బిడ్డల తల్లి. ఊరు అమెరికాలోని హామిల్టన్. 2010 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊళ్లో ఉన్నది 1,809 మంది. మన దగ్గర ఒక మోస్తరు పల్లెలో ఉండే జనం.

దుకాణాలు మూతపడి, పిల్లలు వెళ్లిపోయి, కళ తప్పిన ఆ ఊరికి వాళ్లూ వీళ్లూ వెతుక్కుంటూ రావడం మొదలైంది ఆమె చేతిపని వల్లే. ఆమె అమ్మినదానికంటే నేర్పినదే ఎక్కువ. ఈ కథలో అసలు సంగతి అదే.

పెన్నీ పుట్టిన చోటు

కాన్సస్ సిటీ మన తెలుగువాళ్లకు కొత్త ఊరు కాదు. ఉద్యోగాలకని వెళ్లి అక్కడ స్థిరపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కణ్నుంచి ఈశాన్యంగా కారులో గంటకు పైగా వెళ్తే, మొక్కజొన్న, సోయా చేల నడుమ హామిల్టన్ వస్తుంది. మిస్సోరీ రాష్ట్రం, కాల్డ్‌వెల్ కౌంటీ. ఊరి నడిబొడ్డున డేవిస్ స్ట్రీట్ అని ఒకే ఒక్క పెద్ద బజారు. దానికి అటూ ఇటూ పాతకాలపు ఇటుక కట్టడాలు.

ఆ బజారుకు ఒకప్పుడు పేరుండేది. అమెరికా అంతటా ‘జె.సి.పెన్నీ’ దుకాణాలు తెరిచిన జేమ్స్ క్యాష్ పెన్నీ 1875లో ఈ ఊరి పక్కనే పుట్టాడు. కుర్రతనంలో హామిల్టన్‌లోని ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా పనిచేశాడు. 1902లో వ్యోమింగ్ రాష్ట్రంలోని కెమ్మరర్‌లో తన మొదటి దుకాణం పెట్టాడు. ఒకటి రెండయింది, రెండు పదులయ్యాయి. 1924లో 500వ దుకాణానికి వేళయినప్పుడు సొంతూరు గుర్తుకొచ్చింది. దాన్ని హామిల్టన్‌లో తెరిచాడు. ఏ వీధిలో గుమాస్తాగా నిలబడ్డాడో ఆ వీధికే యజమానిగా వచ్చాడు.

తర్వాత కాలం తిరగబడింది. పొలాల్లోకి పెద్ద యంత్రాలొచ్చి మనుషుల అవసరం తగ్గింది. హైవేల పక్కన భారీ దుకాణాలు వెలిసి చిన్న ఊళ్ల బేరాలన్నీ లాక్కున్నాయి. చదువుకున్న పిల్లలు పట్నాలకు పోయారు. పెన్నీ దుకాణమూ మూతపడింది. అమెరికా నడిమి రాష్ట్రాల్లో ఏ చిన్న ఊరి కథ విన్నా ఇలాగే ఉంటుంది. తెల్లారితే తాళం తీసే కొట్లు ఏటికేడాది తగ్గిపోతుంటాయి.

డోన్ కుటుంబం 1990ల్లో కాలిఫోర్నియా నుంచి ఇక్కడికి వచ్చి చేరింది. అక్కడి ఖర్చులు ఏడుగురు పిల్లలున్న ఇంటికి మోయలేని బరువు. మిస్సోరీలో తక్కువలో బతకొచ్చు. జెన్నీకి మొదట్నుంచీ కుట్టుపని వచ్చు. నాటకాలకు దుస్తులు కుట్టేది. క్విల్టు కుట్టడం మాత్రం ఇక్కడికి వచ్చాకే నేర్చుకుంది, పొరుగునున్న చిల్లికాతీలోని వృత్తివిద్యా కేంద్రంలో ఒక క్లాసులో చేరి. ఇక ఆ పిచ్చి ఆమెను వదల్లేదు.

ఏడాది ఆగాల్సిన దుప్పటి

క్విల్టు అంటే మన బొంతకు దూరపు చుట్టం. మన ఇళ్లలో అమ్మమ్మలు పాత చీరలు, పంచెలు పొరలుగా పేర్చి, పైన రంగురంగుల గుడ్డముక్కలు అమర్చి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దగ్గర దగ్గరగా కుట్లు వేసేవారు. క్విల్టుకూ పొరలే ఆధారం. పైన ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ, నడుమ దూది పొర, అడుగున అస్తరు. ఈ మూడూ కదలకుండా అంతటా కుట్లు పడాలి. చేత్తో కుడితే నెలలు పడుతుంది. ఇంట్లోని మామూలు మిషను కింద అంత పెద్ద దుప్పటిని దూర్చి తిప్పడం కష్టం. అందుకే పైభాగం వరకు ఇంట్లో కుట్టుకుని, మిగతా పనికి ‘లాంగ్ ఆర్మ్’ అనే పొడవాటి మిషను ఉన్నవాళ్లకు ఇస్తారు.

జెన్నీ కూడా అలాగే ఇచ్చింది. కొడుకు అలన్ ఇంటికొచ్చినప్పుడు ఆ మాట వచ్చింది. ఎప్పటికి తిరిగిస్తారని అడిగాడు. ఏడాది దాకా పట్టొచ్చంది తల్లి. ఆ మిషన్లు ఉన్నవాళ్లు తక్కువ, వాళ్ల దగ్గర వరసలో ఉన్న దుప్పట్లు ఎక్కువ.

అది 2008. ఇళ్ల అప్పులు పేలి, బ్యాంకులు కూలి, అమెరికా అంతటా జనం దాచుకున్న డబ్బు కళ్లముందే కరిగిపోతున్న కాలం. జెన్నీ భర్త రాన్ ‘కాన్సస్ సిటీ స్టార్’ దినపత్రికలో యంత్రాలు చూసే మెకానిక్. ముసలితనానికని దాచుకున్నది ఆ ఏడాది మార్కెట్లో కొట్టుకుపోయింది. పత్రికలకూ గడ్డుకాలమే కాబట్టి ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియదు. రేపు అమ్మానాన్నల బతుకేమిటన్న దిగులు అలన్‌కూ, అతని అక్కాచెల్లెళ్లలో ఒకరైన సారాకూ పట్టుకుంది.

ఏడాది వరస ఉందంటే అక్కడ బేరం ఉన్నట్టే కదా! అలాంటి మిషను ఒకటి కొనిస్తే అమ్మ నాలుగు డబ్బులు సంపాదించుకుంటుంది, నెల గడవడానికి ఇంత చేదోడవుతుంది. పిల్లలు ఆశించింది అంతే. అప్పు చేశారు. మిషను తెప్పించారు. అది ఇంట్లో పట్టేది కాదు. ఆ బల్ల ఒక్కటే ఒక గదిని మింగేస్తుంది. ఊళ్లో ఖాళీగా పడున్న కట్టడాలకు కొదవ లేదు కాబట్టి ఒకటి కొన్నారు. క్విల్టు నమూనాల్లో ‘మిస్సోరీ స్టార్’ అనే నక్షత్రపు బొమ్మ ఒకటుంది. దుకాణానికి ఆ పేరే పెట్టారు. మిస్సోరీ స్టార్ క్విల్ట్ కంపెనీ.

బోర్డు కట్టినంత మాత్రాన బేరం వస్తుందా? 1,800 మంది ఉన్న ఊళ్లో క్విల్టులు కుట్టేవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఈ నెల గుడ్డ కొనేవాళ్లు ఎంతమంది? చిన్న ఊళ్లో కొట్టు పెట్టిన ప్రతివాళ్లకూ తెలిసిన లెక్కే ఇది. పనితనంలో లోపం ఉండదు, ధరలో మోసం ఉండదు. మనుషులే చాలరు.

‘ట్యుటోరియల్ అంటే ఏంటి?’

అలన్‌కు కంప్యూటర్ల లోకం తెలుసు. యూట్యూబ్ వచ్చి అప్పటికి మూడునాలుగేళ్లే అయింది. పిల్లుల ఆటలు, పాటలు చూసి నవ్వుకోవడానికే చాలామంది దాన్ని తెరిచేవారు. అందులో కుట్టుపని నేర్చుకోవచ్చని, అది చూసి వేల మైళ్ల అవతలివాళ్లు గుడ్డ కొంటారని అనుకున్నవాళ్లు తక్కువ.

ఒకరోజు అతను తల్లిని అడిగాడు. ఆ మాటలు తర్వాతి కాలంలో జెన్నీ ఎన్నో సభల్లో చెప్పుకుంది.

“అమ్మా, క్విల్టింగ్ ట్యుటోరియల్స్ చేస్తావా?”

“చేస్తాన్రా నాన్నా. ట్యుటోరియల్ అంటే ఏంటి?”

మొదట ఒప్పుకుంది, ఆ తర్వాత అడిగింది. కొడుకు మీద నమ్మకం అది. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి జంకని మనసు అది. ఆ మనసే తర్వాత కెమెరా ముందు లక్షల మందికి నచ్చింది.

ఆమె వీడియోలు చూస్తే సంగతి అర్థమవుతుంది. మిస్సోరీ స్టార్ నుంచి జెన్నీనంటూ పలకరిస్తుంది. పొరుగింటావిడ గడప దాటి లోపలికొచ్చినట్టే ఉంటుంది. ముందు ఇవాళ ఏం కుట్టబోతున్నామో పూర్తయిన దుప్పటిని పట్టుకుని చూపిస్తుంది. తర్వాత ముక్క చేతికి తీసుకుంటుంది. గుడ్డ మంచివైపు మంచివైపు ఎదురెదురుగా పెట్టాలని, అంచు నుంచి పావంగుళం వదిలి కుట్టాలని, ఇస్త్రీ ఏ పక్కకు కొట్టాలని... తన చేతుల్నే చూపిస్తూ చెప్తుంది. తప్పు పడితే నవ్వేసి, సరిచేసుకుని ముందుకు వెళ్తుంది. ఇది నా వల్ల కాదని కూర్చున్నవాళ్లకు ఆ నవ్వే ధైర్యం.

క్విల్టర్ల లోకంలో ‘క్విల్ట్ పోలీసులు’ అని ఒక మాట ఉంది. కుట్టు వంకరపోయిందనీ మూల కలవలేదనీ పక్కవాళ్ల పనికి వంకలు పెట్టేవాళ్లను అలా అంటారు. ఆ భయంతోనే సూది పట్టని ఆడవాళ్లు ఎందరో. జెన్నీ పాఠంలో ఆ పోలీసులకు చోటు లేదు. దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది కదా, చాలు. మూల కాస్త అటూ ఇటూ అయితే మాత్రమేం?

కోసిన రొట్టె, కోసిన గుడ్డ

ఆమె క్లాసుకు వెళ్లిన చిల్లికాతీకి చరిత్రలో ఒక పేరుంది. యంత్రంతో ముక్కలుగా కోసిన రొట్టెను ప్రపంచంలో మొదటిసారి అమ్మింది ఆ ఊళ్లోనే, 1928 జులైలో. అంతకుముందు ప్రతి ఇంట్లోనూ కత్తి పట్టుకుని కోసుకోవాల్సిందే. కోసిన రొట్టె వచ్చాక వంటింట్లో రోజూ ఉండే ఒక పని తప్పింది.

క్విల్టులో కూడా అసలు విసుగు కోయడంలోనే ఉంది. గజాల కొద్దీ గుడ్డ కొని, కొలిచి, గీసి, వందల ముక్కలు ఒకే కొలతలో కోయాలి. కుట్టు మొదలుపెట్టేలోపే సగం ఓపిక అయిపోతుంది. అప్పటికే గుడ్డల కంపెనీలు ముందే కోసిన కట్టలు బజార్లోకి తెచ్చాయి. ఐదంగుళాల చదరాల కట్టను ‘చార్మ్ ప్యాక్’ అంటారు. పదంగుళాలవి ‘లేయర్ కేక్’. రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలను చుట్టగా చుడితే ‘జెల్లీ రోల్’. పేర్లు మిఠాయి కొట్టును గుర్తుచేస్తాయి. ఒకదానికొకటి నప్పే రంగులు, డిజైన్లు కట్టలోనే ఉంటాయి కాబట్టి ఎంచుకునే తలనొప్పి కూడా లేదు.

చూడ్డానికి ముచ్చటగా ఉండే ఆ కట్టను ఇంటికి తెచ్చుకున్నాక దాంతో ఏం కుట్టాలి? అది విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. జెన్నీ ఆ ఖాళీని పట్టుకుంది. ఒక్క చార్మ్ ప్యాక్‌తో ఏం చేయొచ్చు, ఒక్క జెల్లీ రోల్‌తో ఒక్కరోజులో దుప్పటి పైభాగం ఎలా పూర్తవుతుంది... ఆమె పాఠాలన్నీ దాదాపు ఇలాంటి ప్రశ్నలకు జవాబులే.

ఒక కిటుకు చూడండి. క్విల్టులో త్రికోణాలు కుట్టడం పెద్ద చిక్కు. ఏటవాలుగా కోసిన గుడ్డ చేతిలో సాగిపోతుంది. రెండు త్రికోణాలు కలిపేసరికి చదరం వంకరవుతుంది. అందుకు ఆమె చూపించే దారి సులువు. రెండు చదరాలను మంచివైపులు ఎదురెదురుగా పెట్టి చుట్టూ నాలుగు అంచులూ కుట్టేయాలి. తర్వాత మూల నుంచి మూలకు రెండుసార్లు కోయాలి. విప్పితే నాలుగు చదరాలు, ఒక్కోదాంట్లో రెండు రంగుల త్రికోణాలు. త్రికోణం కోసే పనీ లేదు, కలిపే పనీ లేదు. పదిహేను నిమిషాల వీడియో చూసిన ఏ ఊరి ఆడమనిషైనా, మగమనిషైనా అప్పటికప్పుడు మిషను దగ్గరికి వెళ్లి చేసి చూసుకోగల పని అది.

చేసి చూసుకోవాలంటే కట్ట కావాలి. అది మిస్సోరీ స్టార్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. కొనమని అడగక్కర్లేదు. పాఠం నచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. పాఠానికి డబ్బు తీసుకోలేదు. చిట్కా దాచుకోలేదు. గుడ్డ పక్క దుకాణంలో కొనుక్కుని కుట్టుకున్నా ఆమె కాదనదు. చాలామంది మాత్రం నేర్పిన మనిషి దగ్గరే కొన్నారు. మన ఊళ్లలోనూ అంతే కదా. జ్వరమొస్తే ఏ మందు ఎందుకో విడమరచి చెప్పే మందుల షాపతని దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్తాం.

రోజుకో బేరం, వారానికో పాఠం

వీడియో పెట్టగానే ఆర్డర్లు వరదలా రాలేదు. చందాదారులు ఒక్కొక్కరుగా పెరిగారు. డోన్ కుటుంబం ఆపలేదు. వారం వారం కొత్త పాఠం వస్తూనే ఉంది. అలన్ స్నేహితుడు డేవిడ్ మిఫ్సుడ్ వచ్చి వ్యాపారంలో చేయి కలిపాడు. రోజుకు ఒక్క వస్తువును బాగా తగ్గించిన ధరకు అమ్మే పద్ధతి మొదలుపెట్టారు. ఇవాళ్టి బేరం ఇవాళే, రేపు ఇంకొకటి. దాంతో జనం కొన్నా కొనకపోయినా పొద్దున లేవగానే ఒకసారి ఆ పేజీ తెరిచి చూడటం అలవాటు చేసుకున్నారు. పాఠం మనిషిని దగ్గర చేసింది, రోజువారీ బేరం ఆ మనిషిని రోజూ గుమ్మం దాకా తెచ్చింది.

ఒక్క వీడియోలతోనే ఇంత వ్యాపారం అయిందనుకుంటే పొరపాటు. దాని వెనక కనిపించని చాకిరీ ఉంది. చూపించిన కట్ట నిల్వలో ఉండాలి. ఆర్డరు వచ్చిన పొట్లం తప్పు లేకుండా కట్టాలి. సమయానికి పోస్టులో వెళ్లాలి. చిరిగిన ముక్క వచ్చిందని ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడే మనిషి ఉండాలి. గుడ్డల్ని కోసేవాళ్లు, సర్దేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, వెబ్‌సైట్ చూసేవాళ్లు కావాలి. వాళ్లంతా హామిల్టన్ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చారు. పట్నం పోతే తప్ప పని దొరకదనుకున్న ఊళ్లో పని పుట్టింది. క్రమంగా ఆ కంపెనీ కాల్డ్‌వెల్ కౌంటీలోనే అందరికన్నా ఎక్కువమందికి ఉద్యోగాలిచ్చే సంస్థ అయింది. పనివాళ్ల సంఖ్య ఒక దశలో 400 దాటింది. ఊళ్లో ఉన్నదే 1,800 మందన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ అంకె విలువ తెలుస్తుంది.

వీధి మేలుకుంది

ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించేది తర్వాతి ఘట్టం. ఇంటర్నెట్‌లో వ్యాపారం చేసేవాళ్లకు ఊరితో పని లేదు. హైవే పక్కన ఒక రేకుల షెడ్డు వేసుకుంటే సరిపోతుంది. డోన్ కుటుంబం అలా అనుకోలేదు. డబ్బు చేతికొచ్చేకొద్దీ డేవిస్ స్ట్రీట్‌లో మూతపడ్డ కట్టడాలను ఒక్కొక్కటే కొని బాగుచేయించింది. అన్నిట్లోనూ ఒకే రకం సరుకు నింపకుండా, ఒక్కో దుకాణానికి ఒక్కో రకం కేటాయించింది. ఒకచోట బాతిక్ గుడ్డలు. ఒకచోట చంటిపిల్లల బొమ్మలున్నవి. ఒకచోట పాతకాలపు డిజైన్లు. ఒకచోట పండగల గుడ్డలు. అలా డజనుకు పైగా దుకాణాలు. ఒకదాంట్లోంచి బయటికొచ్చి ఇంకోదాంట్లోకి వెళ్తూ వీధంతా నడవాల్సిందే. నడిచేవాళ్లకు ఆకలేస్తుంది కాబట్టి హోటళ్లు వచ్చాయి.

వీడియోలు చూసినవాళ్లు ఆ ఊరు చూడటానికి రావడం మొదలుపెట్టారు. బస్సులు మాట్లాడుకుని గుంపులుగా వచ్చేవాళ్లు, మొగుణ్ని తోడు తెచ్చుకుని వందల మైళ్లు కారులో వచ్చేవాళ్లు, దేశం దాటి వచ్చేవాళ్లు. గుడ్డలు చూస్తూ భార్య గంటల కొద్దీ తిరుగుతుంటే ఆయనేం చేయాలి? వాళ్ల కోసం ‘మ్యాన్స్ ల్యాండ్’ పేరుతో ఒక చోటు ఏర్పాటు చేశారు. వాలు కుర్చీలు, టీవీలు. హాయిగా కూర్చోవచ్చు. పోచంపల్లిలో చీరల కొట్టు గుమ్మంలో చేతిసంచులు పట్టుకుని నిలబడ్డ మగవాళ్లను చూసిన ఎవరికైనా ఆ ఏర్పాటు వెనకున్న దయ అర్థమవుతుంది.

పెన్నీ 1924లో తెరిచిన 500వ దుకాణం కట్టడం కూడా మళ్లీ తెరుచుకుంది. దూరాల నుంచి వచ్చిన క్విల్టర్లు మిషన్లు వేసుకుని రోజుల తరబడి కలిసి కుట్టుకునే చోటయింది. బట్టలమ్మిన చోట మళ్లీ బట్టే. క్విల్టులు కుట్టేవాళ్లు హామిల్టన్‌ను తమ డిస్నీల్యాండ్ అని ముద్దుగా పిలుచుకోవడం మొదలుపెట్టారు.

2015లో అమెరికా ప్రభుత్వ సంస్థ ‘స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్’ ఆ ఏటి జాతీయ ఉత్తమ చిన్న వ్యాపారులుగా మిస్సోరీ స్టార్ యజమానుల్ని ఎంపిక చేసింది. ఏడేళ్ల కిందట వాళ్లు కోరుకున్నది నెలకు నాలుగు డబ్బులు.

పత్రిక ఎప్పుడో చేసిన పని

ఇందులో ఒక వింతైన ముడి ఉంది. రాన్ పనిచేసిన ‘కాన్సస్ సిటీ స్టార్’ పత్రిక 1928 నుంచి 1961 దాకా క్విల్టు నమూనాలు అచ్చువేసేది. వెయ్యికి పైగా నమూనాలు అలా వచ్చాయి. పల్లెల్లోని రైతు ఇల్లాళ్లు వాటిని కత్తిరించి దాచుకునేవాళ్లు. కొందరు తాము కట్టిన కొత్త నమూనాలను పత్రికకు పంపేవాళ్లు, అవి కూడా అచ్చయ్యేవి. ఒక పొలంలోని ఆడమనిషి ఆలోచన ఎక్కడో ఇంకో పొలంలోని ఆడమనిషి మంచం మీద దుప్పటయ్యేది. ఒకరికొకరు ముఖాలు తెలియవు. ముప్పైమూడేళ్లపాటు కాగితం మీద నడిచిన సోషల్ మీడియా అది.

అదే పత్రికలో యంత్రాలు బాగుచేసిన మనిషి భార్య, అచ్చుపత్రికలకు కష్టకాలం వచ్చిన రోజుల్లో, అదే పనిని కెమెరా ముందు నిలబడి చేసింది. మాధ్యమం మారింది. తెలిసినదాన్ని నలుగురికీ చెప్పాలన్న గుణం మారలేదు.

ఆ మాధ్యమం మీదే పూర్తిగా వాలిపోకపోవడం వాళ్ల ఇంకో తెలివి. యూట్యూబ్ అద్దె ఇల్లు లాంటిది. యజమాని ఎప్పుడు ఏ రూలు మారుస్తాడో తెలియదు. నిన్నటిదాకా లక్షమందికి చూపించిన వీడియోను రేపు పదిమందికి కూడా చూపించకపోవచ్చు. అందుకే అక్కడ పరిచయమైన మనుషుల్ని వాళ్లు తమ వెబ్‌సైట్‌కు, తాము వేసే క్విల్టుల పత్రికకు, చివరికి తమ వీధికి తీసుకొచ్చుకున్నారు. అవి సొంత ఇళ్లు. ఎవరూ ఖాళీ చేయించలేరు.

ప్రతి చిన్న ఊరికీ ఇలాంటి అదృష్టం పడుతుందని చెప్పలేం. ఒక్క సంస్థ మీద ఊరంతా ఆధారపడితే ఆ సంస్థ తుమ్మినప్పుడల్లా ఊరికి జలుబు చేస్తుంది. ఆ భయం హామిల్టన్‌కూ ఉంటుంది. కానీ ఖాళీ వీధికి ఆ భయం కూడా ఉండదు. అక్కడ పోగొట్టుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి.

మన ఇంట్లో ఉన్న పాఠం

మన చిన్న ఊళ్లలో కొట్లవాళ్ల చేతుల్లోనూ ఇప్పుడు ఫోన్లున్నాయి. వాట్సాప్ స్టేటస్‌లో ధరలు పెడతారు. పండక్కి ఆఫర్ పోస్టర్ చేయించి గ్రూపుల్లోకి తోస్తారు. రీల్‌లో పాట పెట్టి చీరలు వరసగా తిప్పి చూపిస్తారు. చూసినవాళ్లు వేలితో పైకి తోసేసి ముందుకు పోతారు. ధర ఎవరైనా చెప్తారు. తగ్గింపు ఎవరైనా ఇస్తారు. మనకంటే పెద్ద కంపెనీ మనకంటే ఎక్కువే తగ్గిస్తుంది. ఆ పందెంలో చిన్న ఊరి మనిషి గెలవడం కష్టం.

పెద్ద కంపెనీ దగ్గర లేనిది ఆ మనిషి చేతుల్లో ఉంది. మీటరు గుడ్డలో జాకెట్టు కోసి, మిగిలిన పీలికతో అంచు కట్టగల టైలరమ్మకు ఒక విద్య తెలుసు. ఏ మామిడికాయ ఏడాది నిలవకు ఆగుతుందో, ఏది నెలకే మెత్తబడుతుందో వేలితో నొక్కి చెప్పగల పచ్చళ్లావిడకు ఒక విద్య తెలుసు. పడుగు మీద చేయి పెట్టగానే చేనేతో, మరమగ్గమో చెప్పగల నేతన్నకు ఒక విద్య తెలుసు. వాళ్ల దగ్గర కొనేవాళ్లకు కూడా ఆ విద్య కనిపించదు. సరుకు, దాని మీద ధర మాత్రమే కనిపిస్తాయి.

ఆ విద్యను చూపించాలి. గుట్టు బయటపడితే బేరం పోతుందని భయపడతారు మనవాళ్లు. జెన్నీ అన్ని గుట్లూ బయటపెట్టింది. బేరం పోలేదు, ఊరు నిండింది. ఎందుకంటే చూసినవాళ్లందరూ చేసుకోరు. చేసుకున్నవాళ్లకు ఆ పని విలువ తెలుస్తుంది. విలువ తెలిసినవాళ్లు బేరమాడరు.

మన పాత ఇళ్లలో అటక మీద ఇప్పటికీ ఎక్కడో ఒక బొంత మడిచి ఉంటుంది. నాన్నమ్మ చీర కొంగు, తాతయ్య పంచె, చిన్నప్పటి గౌను ముక్క... అన్నీ ఒకే దారంతో కుట్టి ఉంటాయి. అది కుట్టిన చేతులు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఎలా కుట్టావని ఆ చేతుల్ని ఎవరూ అడగలేదు.

హామిల్టన్‌లో ఒక కొడుకు అడిగాడు. అంతకుముందు ఆ తల్లి తన పని గొప్పదని అనుకున్నదీ లేదు, కెమెరా ముందు నిలబడతానని కలగన్నదీ లేదు. అడిగేసరికి ఒప్పుకుంది. ఇవాళ సాయంత్రం ఫోన్ చేతిలో ఉన్న కొడుకులు, కూతుళ్లు వంటింట్లోకో, కొట్టులోకో వెళ్లి ఒక్కమాట అడిగితే చాలు.

“అమ్మా, ఇది ఎలా చేస్తావో చూపిస్తావా?”